ఏడో నంబరు రాయి

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఏ కోచింగ్ సెంటర్ మంచిదన్న దాని మీద జుట్లు పట్టుకునైనా వాదించుకుంటారు గానీ, ఆశమ్మ జొన్నరొట్టె విషయంలో మాత్రం పేచీ లేదు. పొద్దు వాలేసరికి ఫుట్‌పాత్ పక్కన ఆమె పొయ్యి వెలుగుతుంది. పిండిలో సలసల కాగిన నీళ్లు పోసి పిసికి, అరచేత్తో టపటపా తట్టి, పెనం మీద పరిచి, తడిగుడ్డతో పైన ఒక్కసారి అద్దుతుంది. పాలమూరు దిక్కు నుంచి వచ్చి హాస్టళ్లలో పడి ఉన్న పిల్లలకు ఆ చప్పుడు వింటేనే ఆకలి లేస్తుంది. ఒక్క రొట్టెతో లేచిపోయేవాణ్ని ఆమె ఊరికే వదలదు.

"గింత తిని ఏం సదువుతవ్ కొడకా? కూసో. ఇంకోటి ఏస్తున్న."

ఆ రొట్టె తట్టే కుడిచేతికి, మణికట్టుకు కాస్త పైన, పచ్చబొట్టుగా ఒక అంకె ఉంది. ఏడు. దేవుడి బొమ్మ కాదు, మొగుడి పేరు కాదు, ఒట్టి అంకె. ప్రతి ఏడాదీ కొత్తగా వచ్చిన పిల్లల్లో ఎవడో ఒకడు "లక్కీ నంబరా అవ్వా?" అని అడుగుతాడు. "ఔ కొడకా" అని నవ్వేస్తుంది. కూతురు స్వర్ణకు మాత్రం అది ఏడుకొండలవాడి మొక్కు అని చెప్పి ఉంచింది. అదీ అబద్ధమే.

జరిగింది ఇది. ఇరవై మూడేళ్ల కిందట ఆశమ్మ, ఆమె మొగుడు కురుమయ్య ఒక మేస్త్రీ వెంట సముద్రం పనికి పోయారు. పాలమూరు కూలీలకు పని ఎక్కడుంటే ఊరక్కడ. డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు, రోడ్లు వేశారు. ఆ ఏడాది కోస్తాలో ఒక చేపలవాళ్ల ఊరిని సముద్రం కోసుకుపోతోందంటే, ఒడ్డు వెంట బండరాళ్లతో గోడ పేర్చడానికీ, నీళ్లలోకి అడ్డంగా రాళ్లగట్లు వేయడానికీ పోయారు. సముద్రాన్ని చూడడం వాళ్లకు అదే మొదలు. వాన కోసం మొగులు వంక చూసి చూసి మెడలు నొప్పిపుట్టిన ఊరివాళ్లు, అన్ని నీళ్లు ఒక్కచోట ఉండీ ఒక్క బిందె కూడా తాగడానికి పనికిరావని తెలిసి నోళ్లు వెళ్లబెట్టారు. ఊరికి ఉత్తరాన, ఇసుకదిబ్బల వెనక వాళ్ల గుడిసెలు. కొడుకు ముత్యాలు అప్పుడే పరుగులు నేర్చిన పిల్లాడు. అలను తరుముతానని పోయేవాడు. అల తిరగబడితే కెవ్వుమంటూ వచ్చి తల్లి కొంగులో దూరేవాడు.

వాడికి వాంతులు, బేదులు పట్టుకున్నాయి. ఆసుపత్రి దూరం. మేస్త్రీ లారీ పంపించేసరికి పిల్లాడు తల్లి ఒళ్లోనే చల్లబడిపోయాడు.

చిన్నపిల్లలను కాల్చరు, పాతిపెడతారు. కురుమయ్య కొడుకును తువ్వాలలో చుట్టుకుని దిబ్బ మీదికి ఎక్కాడు. అక్కడ తెల్లసున్నం వేసిన రాతిస్తంభం ఒకటి, దాని మీద ఎర్రరంగుతో ఏడు అంకె. ఎవరో సర్కారువాళ్లు పాతింది. కురుమయ్యకు ఆ చోటు నచ్చింది. చెట్టయితే ఎవడో నరుక్కుపోతాడు, గుడిసెనైతే పని అయిపోగానే పీకేస్తారు, సర్కారు రాయిని మాత్రం ఎవడూ ముట్టడు. ఎన్నేళ్లకొచ్చినా వెతుక్కోవచ్చు.

గుంత తవ్వుతుంటే నెత్తి మీద చేపలగంపతో పోతున్న ముసలామె ఒకతె ఆగింది. "ఇక్కడొద్దయ్యా, ఇక్కడ పెట్టకండి. బాగా లోపలికి తీసుకెళ్లండి" అంది. కురుమయ్యకు ఒళ్లు మండిపోయింది.

"మీ ఊరికి గోడ కట్టనీకె మేం గావాలె, నా కొడుకును పెట్టనీకె మూరెడు జాగ ఇయ్యరా?" అని పార ఎత్తాడు.

ముసలామె ఇంకేదో చెప్పబోయింది. వాళ్ల మొహాలు చూసి, నోరు మూసుకుని, గంప సర్దుకుని వెళ్లిపోయింది. కూలోళ్ల పసిపీనుగ కూడా వీళ్లకు కంటగింపేనా అని ఆశమ్మ ఆ ముసలిదాన్ని ఏళ్ల తరబడి తిట్టుకుంది.

గోడ పూర్తికాగానే మేస్త్రీ వాళ్లను ఇంకో పనికి తోలుకుపోయాడు. ఆ ఏడాది కురుమూర్తి జాతరలో పచ్చబొట్లు పొడిచేదాని ముందు ఆశమ్మ చెయ్యి చాపింది. పేరు పొడవమనలేదు, ఆమెకు చదవడం రాదు. రాయి మీది గుర్తును నేల మీద పుల్లతో గీసి చూపించి "గిది" అంది.

మరి మళ్లీ ఎందుకు పోలేదంటే, కారణాలు ఎన్నయినా చెప్పొచ్చు. స్వర్ణ పుట్టింది. కురుమయ్య కట్టుబడి పనిలో మూడో అంతస్తు నుంచి పడితే నడుం విరిగింది. బరువులు ఎత్తలేని మనిషి చిక్కడపల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు, సెల్లార్ పక్క గదిలో సంసారం పెట్టారు. ఇవన్నీ నిజాలే. వీటన్నిటికంటే పెద్దది ధీమా. వాడు అక్కడే ఉన్నాడు, ఎక్కడికి పోతాడు అనుకున్నారు. పాలమూరులో పాతిపెట్టినవాళ్లు పెట్టినచోటే ఉంటారు. పెత్రమాస వచ్చినప్పుడల్లా మాత్రం ఆశమ్మకు వాడే గుర్తొచ్చేవాడు. ఆ రోజు పెద్దల పేర బియ్యం ఇస్తారు. అత్త పేరున ఇస్తుంది, మామ పేరున ఇస్తుంది. పెద్దవాడు కాకుండానే పోయినవాడి పేరున ఏ రోజు ఇవ్వాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

స్వర్ణ భూగోళశాస్త్రం చదివి, కంప్యూటర్ మీద పటాలు గీయడం నేర్చుకుని, నారాయణగూడలో ఒక చిన్న ఆఫీసులో చేరింది. వానకాలం పోతుండగా ఒకరోజు అన్నం తింటూ చెప్పింది.

"ఈసారి సముద్రం పని వచ్చిందమ్మా. ఒడ్డు ఇప్పటిదాక ఎంత తెగింది, ఇంక ముప్పై ఏండ్లకు ఎక్కడిదాక తెగుతది, లెక్కగట్టి ఇయ్యాలె. దాన్ని బట్టి ఒడ్డు పొంటి ఏడ ఏం చెయ్యాల్నో సర్కారోళ్లు ప్లాన్ చేస్కుంటరు."

"సముద్రం ఏడికొస్తదో నీకెట్ల తెలుస్తదే?"

"పాత పటాలుంటయి, పైకెల్లి తీసిన ఫోటోలుంటయి. ఒక్కో ఏడాది ఒడ్డుకు ఒక్కో గీత గీస్త. గీతకూ గీతకూ నడుమ ఎంత ఎడముందో చూస్తే ముందుముందు ఎట్ల జరుగుతదో తెలుస్తది. ఒడ్డు మీద రాళ్లు గూడ పాతిండ్రు. తెల్ల రాయి, ఎర్ర నంబరు. అప్పుడప్పుడు పోయి రాయి కాడికెల్లి నీళ్లెంత దూరమున్నయో కొలుస్తరు."

ఆశమ్మ చేతిలో ముద్ద కంచంలోకి జారిపోయింది. ఎంగిలి చేత్తోనే ముంజేతిని కూతురి ముందుకు చాపింది. తనకంటే ముందు ఒక అన్న పుట్టి పోయాడని స్వర్ణకు తెలుసు గానీ, ఎక్కడ పోయాడో, ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఆ పూట అంతా తెలిసింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ కంచాల ముందు కూర్చుని ఏడ్చారు.

ఆదివారం నాడు ఆశమ్మ చీర మార్చుకుని నారాయణగూడ ఆఫీసు మెట్లెక్కింది. స్వర్ణ పైఅధికారి విజయశ్రీ మేడం కూడా వచ్చి ఉంది, తీరాల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. "మా అమ్మ ఆ గోడ పనికి పోయిందట మేడం, చూస్తనంటుంది" అని మాత్రమే చెప్పింది స్వర్ణ. విజయశ్రీ సంబరపడి తన కుర్చీలోనే ఆశమ్మను కూర్చోబెట్టింది.

తెర మీద ఒక పక్క నీలం, ఒక పక్క మట్టిరంగు. నడుమ ఏ ఏడాదికి ఆ ఏడాది గీతలు. గోడ ఉన్నచోట గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, దోపుకున్న చీర కుచ్చిళ్లలా దగ్గరగా ఉన్నాయి. గోడ దాటి ఉత్తరానికి పోయేకొద్దీ విడిపోయి, ఒక్కొక్కటే నేల లోపలికి జరిగాయి.

"గోడ కాడ ఆగింది, గీడ ఎందుకు ఆగలే?" అని అడిగింది ఆశమ్మ.

"ఇసుక ఊకె ఒక్క తాన ఉండదమ్మా. అలలతోటి ఆ ఒడ్డు పొంటి ఉత్తరం దిక్కు నడుస్తనే ఉంటది" అంది విజయశ్రీ. "మీరు నీళ్లల్లకు రాళ్లగట్లు ఏసిండ్రు గదా, వచ్చే ఇసుకను అవి పట్టుకున్నయి. ఆ ఊరు బతికింది. ఇవతలి దిబ్బలకు రావాల్సిన ఇసుక బంద్ అయింది. పోయేది పోతనే ఉంది, వచ్చేది లేదు."

"అంటే మేం ఏసిన రాళ్లతోనే గిది తెగవట్టె."

"మీదేముందమ్మా, గీసిచ్చినోళ్లు వేరే. మీరు కూలికి పోయిండ్రు."

ఆశమ్మ తెర వైపే చూస్తూ ఉండిపోయింది. మోకుకట్టి లాగిన రాళ్లు, కురుమయ్య భుజాల మీద కదుములు కట్టిన రాళ్లు. ఆ దిబ్బల మీద మసిపూసినట్టు బూడిదరంగు పట్టీ ఒకటి ఉంది. అదేమిటని వేలు పెట్టి చూపించింది. కొన్నిచోట్ల గోడ కడతారనీ, కొన్నిచోట్ల సరుగుడు చెట్లు పెంచుతారనీ, కొన్నిచోట్ల ఊరినే లోపలికి జరుపుతారనీ, ఒక్కోదానికి ఒక్కో రంగనీ స్వర్ణ గబగబా చెప్పుకొచ్చింది. బూడిదరంగు దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు చిన్నబోయింది.

"ఆడ ఏం చెయ్యకుండ వదిలేస్తరమ్మా."

"ఎందుకు వదిలేస్తరు?"

"అక్కడ ఎవ్వరు లేరు కదమ్మా" అని జవాబు విజయశ్రీ చెప్పింది. పాపం, ఆమెకేం తెలుసు. ఆ పట్టీ నడుమ ఒక చిన్న చుక్క, చుక్క పక్కన ఏడు.

"గీ రాయి కాడికి నీళ్లు ఎన్నడొస్తయి?"

స్వర్ణ ఎర్రగీత ఒకటి చూపించింది. తను లెక్కగట్టి తన చేతులతో గీసిన గీత. అది చుక్కను తాకే ఏడాది రెండువేల నలభై ఒకటి. విజయశ్రీ మాత్రం తల అడ్డంగా ఊపింది. "అది సగటు లెక్క స్వర్ణా, తారీఖు అనుకోకు. సముద్రం నెలనెలా కిస్తీ కట్టించుకున్నట్టు తీసుకోదు. కొన్నేండ్లు ముట్టనే ముట్టదు, ఒక్క తుఫాన్ల పదేండ్లది గుంజుకపోతది." ఆ మాట స్వర్ణ చెవిన పడింది గానీ మనసుకు ఎక్కలేదు. మొదటిసారి తన చదువు తన తల్లికి పనికొచ్చిందన్న సంతోషంలో ఉంది ఆ పిల్ల.

మెట్లు దిగుతూనే ఆశమ్మ తేల్చి చెప్పింది. "గీ వారంలనే పోదాం. ఎముకలు దొరికితే ఎముకలు, లేకుంటే పిడికెడు మన్ను. తెచ్చి మన ఊర్ల వాళ్ల నాయనమ్మ పక్కన పెడ్త. ఆడనే వదిలేసి నేను చస్తే వాడు ఒక్కడే ఉంటడు."

"పోదామమ్మా. ఈ రిపోర్టు ఇచ్చేదాక మేడం లీవ్ ఇయ్యదు. ఇచ్చినంక నాయినను గూడ తోల్కొని పోదాం, కారు మాట్లాడుత. తొందరేం లేదమ్మా. నలభై ఒకటి దాక ఏం గాదు, నేనే గీసిన గదా."

చదువుకున్న బిడ్డ చెప్పింది. ఆశమ్మ ఒప్పుకుంది. కురుమయ్యకు విషయం తెలిసినప్పుడు ఆయన మొహం చూడాలి! "రాయి అట్లనే ఉందా? సర్కారు రాయి గదా మరి" అని గేటు కాడ వచ్చేపోయేవాళ్లకు అర్థంకాని గర్వంతో నవ్వాడు. గోడ సంగతి, రాళ్లగట్ల సంగతి ఆశమ్మ ఆయనకు చెప్పలేదు. స్వర్ణను కూడా చెప్పొద్దంది.

మన్ను ఏ గుడ్డలోనో మూటగట్టి తేవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఒక మధ్యాహ్నం సుల్తాన్ బజార్‌కు పోయింది. పిల్లల బట్టలు వేలాడదీసిన కొట్టు ముందు నిలబడి ఒక ఎర్రచొక్కాను చేత్తో పట్టుకుని చూస్తుంటే, కొట్టువాడు "ఎన్నేండ్ల బాబమ్మా?" అని అడిగాడు. ఇరవై అయిదని చెప్పాలా?

"రెండు" అంది చివరికి.

"జల్దీ పెరుగుతరమ్మా, జర పెద్దది తీస్కో" అన్నాడతను. ఆమె రెండేళ్లదే తీసుకుంది.

చలి ముదిరింది. పరీక్షల నోటిఫికేషన్ పడి అశోక్‌నగర్ కిటకిటలాడింది, ఆశమ్మ పొయ్యికి తీరిక లేదు. రిపోర్టు ఇంకో వారం, ఇంకో వారం అంటూ జరిగింది. అలా జరుగుతుండగానే తుఫాను వచ్చింది. హైదరాబాద్‌లో రెండురోజులు ముసురు పట్టి, రొట్టెల పొయ్యి మీద గొడుగు పెట్టుకోవాల్సి వచ్చింది, అంతే. కురుమయ్య ఫోన్‌లో వార్తలు చూస్తూ ఎక్కడెక్కడ ఏం కూలిందో చదివి వినిపించాడు. "దూరం అమ్మా, మన దిక్కు గాదు" అంది స్వర్ణ. కానీ ఆ రాత్రి నుంచి ఆ పిల్ల సరిగా అన్నం తినలేదు.

మబ్బులు విడిచాక కొత్త ఫోటో వచ్చింది. ఆ రోజు సాయంత్రం స్వర్ణ ఇంటికి పోకుండా తిన్నగా అశోక్‌నగర్ వచ్చి, రొట్టెల కోసం నిలబడ్డ పిల్లల వెనక నిలబడింది. బిడ్డ మొహం చూడగానే ఆశమ్మకు తెలిసిపోయింది. చేతిలో ఉన్న రొట్టెను తట్టింది, కాల్చింది, అడిగినవాడి చేతిలో పెట్టింది. "ఇంక లెవ్వు కొడకా, పిండి అయిపోయింది" అంది, గిన్నెలో సగం పిండి ఉండగానే. పొయ్యి ఆపేసింది.

"ఎంతదాక వచ్చినయి?"

"రాయి దాటి లోపలిదాక పోయినయమ్మా. దిబ్బ మొత్తం లేదు." స్వర్ణ ఫుట్‌పాత్ మీదే కూలబడింది. "నువ్వు పోదామంటే నేనే ఆపిన. నా గీత చూస్కొని నేనే ఆపినమ్మా."

ఆశమ్మకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఆ పిల్లను చెంప పగలగొట్టాలన్నంత వచ్చింది. ఆ చెయ్యే లేచి కూతురి తల మీద పడి, జుట్టులో వేళ్లు దూర్చి దగ్గరికి లాక్కుంది.

"నువ్వు ఒక్క చలికాలం ఆపినవ్ బిడ్డా. నేను ఇరవై మూడేండ్లు ఆపిన."

పక్కనే ఆటోలు పోతున్నాయి, జిరాక్స్ షాపు ముందు పిల్లలు పాత ప్రశ్నపత్రాల కోసం తోసుకుంటున్నారు. వెక్కుతూనే స్వర్ణ మిగతాది కూడా చెప్పింది. కొలతలవాళ్లు పోయి చూశారట, రాయి ఆనవాలు కూడా లేదట. వరస తప్పకూడదని లోపల జీడితోట గట్టు మీద కొత్త రాయి పాతారట. తెల్లసున్నం వేసి, ఎర్రరంగుతో అదే నంబరు రాశారట.

ఆశమ్మ పిండిగిన్నె మీద మూత పెట్టింది. తర్వాత అడిగింది.

"గా కొత్త రాయి కింద ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరమ్మా."

జీడితోట. బాగా లోపలికి. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు ఆ ముసలామె. 'ఇక్కడ పెట్టకండి, లోపలికి తీసుకెళ్లండి.' ఒడ్డున పుట్టి ఒడ్డున ముసలిదైన మనిషి, ఆ దిబ్బ నిలవదని చెప్పడానికి ఆగింది. కొడుకు పోయిన మంటలో తమకది తరిమినట్టు వినపడింది. పార ఎత్తినప్పుడు ఆ ముసలి కళ్లలో కనిపించింది అసహ్యం కాదు, జాలి. అన్నేళ్లు తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి ఆశమ్మకు. చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ముత్యాలు కోసమా, ఆ ముసలామె కోసమా, పార పట్టుకుని నిలబడ్డ ఆనాటి కురుమయ్య కోసమా అంటే ఆమె చెప్పలేదు.

గిన్నెలు సర్దుకుని ఇద్దరూ నడుచుకుంటూ చిక్కడపల్లి వచ్చారు. స్వర్ణ తలవంచుకుని లోపలికి పోయింది. కురుమయ్య గేటు పక్కన కుర్చీలో, నడుముకు దిండు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇయ్యాల జల్దీ వచ్చినవేందే? తుఫాన్ గట్టిగనే కొట్టిందంట గదా ఆ దిక్కు. బిడ్డ ఏమన్న చెప్పిందా? రాయి ఉందా?"

ఆశమ్మ ఆయన చేతులు చూసింది. రాళ్లు మోసి మొద్దుబారి, ఇప్పుడు గేటు తీయడానికి తప్ప దేనికీ పనికిరాని చేతులు. గోడ సంగతి ఆయనకు తెలియదు. ముసలామె సంగతి ఆయనకు గుర్తు కూడా ఉండి ఉండదు. ఆయన కొడుక్కు చేసిన ఒకే ఒక్క మంచిపని ఆ చోటు ఎంచడం.

"ఉంది" అంది. "కొత్తగ సున్నం గూడ ఏసిండ్రంట."

"నంబరు?"

"ఏడే."

"నేను ఆనాడే చెప్పలే?" కురుమయ్య కుర్చీలో నిటారుగా అయ్యాడు, కళ్లు తడిసి మెరిశాయి. "సర్కారు రాయిని ఎవడు ముట్టడని చెప్పలే? మరి ఎన్నడు పోదాం?"

ఆశమ్మ చెంగును ముంజేతి మీదికి లాక్కుంది.

"పోదాం తియ్యి" అంది. "తొందరేం లేదు."